కారు ఒక్కటే చూపిస్తే ఎలా?

వేగాన్నీ యంత్రాల్నీ కీర్తించిన ఇటలీ కళా ఉద్యమం ఫ్యూచరిజం గురించి ఎవరు పోస్ట్ పెట్టినా ఒకటే మాట. గర్జిస్తూ దూసుకుపోయే కారు, ప్రాచీన గ్రీకుల విజయదేవత శిల్పం కన్నా అందమైనదట. పక్కన ఓ పాత రేసు కారు ఫోటో, కింద "అప్పట్లోనే ఎంత ముందుచూపు!" అని కామెంట్లు. ఆ మాట ఇటలీ కవి మారినెట్టిది. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ఫిగారో మొదటి పేజీలో వచ్చిన ఫ్యూచరిస్టు మేనిఫెస్టోలో అది నాలుగో అంశం. మొత్తం 11 ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం ఎవరూ షేర్ చెయ్యరు. లోకాన్ని శుభ్రం చేసేది యుద్ధం ఒక్కటేనని, దాన్ని కీర్తిస్తామని, ఆడవాళ్లంటే తమకు చులకనని అందులో బాహాటంగా రాసుకున్నారు. మ్యూజియాలనూ లైబ్రరీలనూ నాశనం చేస్తాం, స్త్రీవాదంతో పోరాడతాం అని పదోది.

కళను కళగా చూడాలి, రాజకీయాన్ని పక్కన పెట్టాలి అని నాకు సుద్దులు చెప్పేవాళ్లున్నారు. ఎలా పక్కన పెట్టాలి? ఆ అంశాల కన్నా ముందు మారినెట్టి ఓ కథ చెబుతాడు, అది చదవండి. రాత్రంతా స్నేహితులతో మేలుకుని, కార్లెక్కి ఊరి మీద పడతారు. దారిలో ఇద్దరు సైకిళ్ల మీద ఎదురొచ్చి, ఎటు తప్పుకోవాలో తెలియక తడబడతారు. ఈయన కారు తిప్పబోయి గుంటలో పడతాడు. 1908లో మిలాన్ దగ్గర ఆయనకు నిజంగానే ఇలాంటి ప్రమాదం జరిగింది. కథలో ఆ గుంట నిండా ఫ్యాక్టరీ మురుగు. ఆ మురుగును ఎంత మురిపెంగా వర్ణిస్తాడో! సైకిళ్ల వాళ్ల తడబాటు మాత్రం ఆయన దృష్టిలో తెలివితక్కువతనం, తన దారికి అడ్డం. వాళ్లెవరో, ఎక్కడికి పోతున్నారో, కారు మీదికొస్తుంటే వాళ్ల గుండె ఎలా కొట్టుకుందో ఒక్క ముక్క లేదు. స్టీరింగ్ పట్టుకున్నవాడికే వేగం అందం. రోడ్డు మీద ఉన్నవాడికి అది ప్రాణభయం. ఎదుటి మనిషిని అడ్డంకిగా చూడటం ఆ కారులోనే మొదలైంది. తొమ్మిదో అంశం ఎక్కడి నుంచో ఊడిపడలేదు.

"ఆ కాలం అలాంటిది" అనే మాట ఇంకా నచ్చదు నాకు. 1914లో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఇటలీ తటస్థంగా ఉండిపోయింది. అక్కడి సోషలిస్టు పార్టీ యుద్ధం వద్దని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో మారినెట్టి, ఫ్యూచరిస్టు చిత్రకారుడూ శిల్పీ అయిన బొచ్చోని మిలాన్‌లో ఒపేరా నడుస్తుంటే, ఇటలీ యుద్ధంలోకి దిగాలంటూ ఆస్ట్రియాకు వ్యతిరేకంగా గొడవ చేశారు. వద్దన్నవాళ్లూ ఆ కాలంవాళ్లే, కావాలన్నవాళ్లూ ఆ కాలంవాళ్లే. 1915 మేలో ఇటలీ యుద్ధంలోకి దిగింది. సుమారు 6 లక్షల మంది ఇటలీ సైనికులు చనిపోయారు.

ఫ్యూచరిస్టులు మాటలతో సరిపెట్టలేదు, నిజంగానే వెళ్లారు. మారినెట్టి, బొచ్చోని, ఆర్కిటెక్ట్ సాంతేలియా, సంగీతకారుడు రుస్సొలో మొదట చేరింది లొంబార్డీ వాలంటీర్ల సైకిల్ దళంలో. 1916 ఆగస్టులో సైనిక శిక్షణలో గుర్రం మీంచి పడి బొచ్చోని పోయాడు. 33 ఏళ్లు. ఈరోజు ఇటలీ 20 సెంట్ల యూరో నాణెం మీద ఉన్న, గాలిని చీల్చుకుంటూ నడిచే మనిషి శిల్పం ఆయనదే. ఆ అక్టోబర్‌లో సాంతేలియా యుద్ధంలో చనిపోయాడు, 28 ఏళ్లకే. మెట్లు మెట్లుగా లేచే ఇళ్లు, గోడ బయట పైకి పోయే లిఫ్టులు, అడుగున రైళ్లు... ఆయన ఊహించిన కొత్త నగరం కాగితం మీదే ఉండిపోయింది. మోతలతో సంగీతం చేస్తానని పెట్టెలూ కొమ్ములూ పెట్టి యంత్రాలు తయారుచేసిన రుస్సొలో తలకు పెద్ద గాయమైంది. ఇంత జరిగాక మారినెట్టి ఏం చేశాడు? 1919లో ఫాసిస్టు నాయకుడు ముస్సోలినీ పక్కన నిలబడ్డాడు. 1929లో అతని ప్రభుత్వం పెట్టిన అకాడమీలో సభ్యుడయ్యాడు.

ఇదంతా చదివి నాకు ఫ్యూచరిస్టుల బొమ్మలంటే ఇష్టం లేదనుకునేరు. చాలా ఇష్టం. 1912లో ఫ్యూచరిస్టు చిత్రకారుడు బల్లా వేసిన కుక్క బొమ్మ చూడండి. పొట్టి కాళ్ల డాక్స్‌హుండ్ యజమానురాలి పక్కన నడుస్తోంది. కాళ్లు ఎన్నున్నాయో లెక్క తేలదు, గిరగిర తిరుగుతున్నట్టు ఉంటాయి. తోక ఒకేసారి నాలుగైదు చోట్ల ఉంటుంది. గొలుసు గాల్లో ఊగిన ప్రతి చోటా ఓ వంపు. ఆవిడ మొహం లేదు, నల్ల గౌను అంచు, బూట్లు, అంతే. కారు లేదు, యంత్రం లేదు. చిత్రకారుడి చూపు నేల మీదికి దిగింది. అదే ఏడాది బాల్కనీలో పరుగెత్తే తన కూతుర్నీ ఇలాగే వేశాడు. బొచ్చోని 1910లో మొదలుపెట్టిన 'లేస్తున్న నగరం' నిండా ఎర్రటి గుర్రం, దాన్ని ఆపలేక ఒళ్లంతా వాల్చి లాగుతున్న కూలీలు. నగరం లేవడానికి ఎవరి నడుములు వంగాయో అందులో కనబడుతుంది. బల్లా కూడా యుద్ధం కావాలన్నవాడే, ఆ సంగతి దాచను. అయినా బొమ్మ వేసేటప్పుడు ఆ కన్ను మేనిఫెస్టో మాట వినలేదు.

ఇంకో పేరు చెప్పాలి, బెనెడెట్టా. మారినెట్టి భార్య. 1933-34లో ఇటలీలోని పాలెర్మో నగరం పోస్టాఫీసు కోసం ఐదు పెద్ద చిత్రాలు వేసింది. నేల మీద, నీటి మీద, గాల్లో రాకపోకలు, టెలిగ్రాఫూ టెలిఫోనూ, రేడియో. ఫాసిస్టు ప్రభుత్వం కట్టించిన భవనమది, కాదనను. కానీ అక్కడ వేగం ఎవర్నీ గుద్దడానికి రాదు, ఒకరి కబురు ఇంకొకరికి చేరవేస్తుంది. బొమ్మల మీద ఆవిడ సంతకం 'బెనెడెట్టా' అని మాత్రమే, మొగుడి ఇంటిపేరు పెట్టుకోలేదు. ఆడవాళ్లను చులకన చేస్తూ మొదలైన ఉద్యమంలో ఇంత పని చేసిన మనిషి ఆవిడ. ఈసారి ఫ్యూచరిజం మీద తెలుగులో రాసేవాళ్లు ఆ ఐదు చిత్రాల గురించి కనీసం ఓ పేరా రాయండి, దయచేసి.