గుంత చుట్టూ మొక్కలు నాటితే సరిపోదు

మేళ్లచెరువు, మట్టంపల్లి మండలాల్లో సిమెంటు కోసం తవ్విన సున్నపురాయి గనులు, తాండూరు చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన గుంతలు, పాలమూరు గుట్టలపై గ్రానైట్ క్వారీలు ఒక తరం చూస్తుండగానే దక్షిణ తెలంగాణ నేల రూపును మార్చేశాయి. తవ్వకం ఆగిన చోట ఏం మిగలాలని అడిగితే మాత్రం నాటిన మొక్కల లెక్కే జవాబుగా వస్తున్నది.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇంతకంటే ఎక్కువే కోరింది. తవ్విన నేలపై తిరిగి గడ్డి పెంచి, దానిని మేతకూ, చెట్టుచేమలకూ, జీవజాలానికీ పనికివచ్చేలా చేయడాన్ని మైనింగ్ లీజుల్లో షరతుగా పెట్టాలని చెప్పింది. గొర్రెల మందలను నమ్ముకొని బతికే పల్లెలున్న ఈ జిల్లాల్లో, కోర్టు ముందుగా గడ్డి మాట ఎత్తడం ఎంత సముచితమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పని తవ్వకం ముగిశాక కాదు, మొదటి రోజునే మొదలు కావాలి. ఇక్కడి గడ్డి విత్తనాలు, వేళ్లు, మట్టిని బతికించే సూక్ష్మజీవులు ఉండేది జానెడు పైమట్టిలోనే. ఆ మట్టిని వేరుగా తీసి దాచాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఏళ్ల తరబడి కుప్పగా పడి ఉంటే విత్తనాల్లో చేవ చచ్చిపోతుంది కనుక, ఒకవైపు తవ్వుతూనే పని ముగిసిన మరోవైపు దానిని పరుస్తూ పోవాలి. దానిపై తంగేడు, బందారు, రేగు, మోదుగు, చండ్ర వంటి ఈ నేల మొక్కలకు చోటివ్వాలి. త్వరగా పచ్చబడుతుందని సుబాబుల్, నీలగిరి వరుసలు పెడితే, లేదా సర్కారు తుమ్మ కమ్ముకొనేలా వదిలేస్తే, దూరానికి పచ్చగా కనిపించినా కింద పశువుకు మేత దొరకదు.

గుంతలన్నింటినీ పూడ్చాలని మేము కోరడం లేదు. పాత క్వారీల నిటారు రాతి గోడల అరుగులపై కొండ గుడ్లగూబలు గుడ్లు పెట్టుకొంటాయి. నీరు నిలిచిన గుంతకు ఒక పక్కనైనా మెల్లని వాలు చెక్కితే, లోతు తక్కువైన ఆ అంచున తుంగ మొలిచి నీటి పక్షులు చేరతాయి. జారిపడిన పశువు, ఈతకు దిగిన పిల్లవాడు గట్టెక్కే దారి కూడా అదే.

ఇది సాధ్యం కాని కోరికేమీ కాదు. గురుగ్రామ్‌లో ఒకప్పటి గనుల నేలపై స్థానిక జాతులతో పెంచిన ఆరావళి జీవవైవిధ్య పార్కు, అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రాంతంగా 2022లో దేశంలోనే మొదటి గుర్తింపు పొందింది. మన జిల్లాల్లోనూ 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన, గని యజమానులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ నిధి ఉంది. అందులో కొంత భాగాన్ని హక్కుదారు లేకుండా పడి ఉన్న పాత క్వారీలకు కేటాయించాలి. నడుస్తున్న గనుల విషయంలో, నాటినవి కనీసం మూడు ఎండాకాలాలు తట్టుకొని నిలిచాయని గ్రామసభ ఎదుట తేలేదాకా నేలను బాగుచేస్తామని యజమానులు పూచీగా పెట్టిన ఆర్థిక హామీని ప్రభుత్వం విడుదల చేయరాదు.