అక్షింతల పురుగులు కొనకండి

ఆ మధ్య ఒక పిక్నిక్‌లో పిల్లలకు తలా ఒక చిన్న సంచి ఇచ్చారు. లోపల లేడీబగ్స్, అంటే మన అక్షింతల పురుగులు. ఒకటి, రెండు, మూడు అనగానే మూతి విప్పి వదిలేయాలి. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. పావుగంట తర్వాత చూస్తే ఆ మొక్కల మీద ఒక్క పురుగు లేదు. అమెరికాలో ఇలా సంచుల్లో అమ్మేవి చాలావరకు కాలిఫోర్నియా కొండల్లో చలికి గుంపులుగా ముడుచుకున్నప్పుడు ఏరి తెచ్చినవే. వెచ్చదనం తగలగానే అవి చేసే మొదటి పని ఎగిరిపోవడం.

లార్వాలు, అంటే రెక్కలు రాని పిల్ల పురుగులు, పెంచుకునే డబ్బా కొంచెం నయం. నేనూ కొన్నాను కాబట్టి ఎవర్నీ అనే హక్కు నాకు లేదు. ఎండలో ఎక్కడ తిరిగొచ్చిందో, సగం చచ్చే వచ్చాయి. మిగతావి పెద్దవయ్యేసరికి మా చిన్నోడు వాటిని మర్చిపోయాడు.

నేను చెప్పేది ఒకటే. అమెరికాలో ఉండే మనం డిసెంబరులో ఎలాగూ ఊరెళ్తాం కదా, పిల్లలతో ఈ పురుగులు పెంచే పని అక్కడ చేయిద్దాం. దేవరకొండ దగ్గర మా అమ్మవాళ్ళ దొడ్లో చిక్కుడు పందిరి ఉంది. ఆ నెలలో లేత కొసలన్నీ నల్లగా పేనుబంకతో, అంటే రసం పీల్చే చిన్న పురుగులతో, నిండి ఉంటాయి. అక్షింతల పురుగుల మేత అదే. ఆకు తిప్పి చూస్తే అక్షింతల పురుగుల గుడ్లు కనబడతాయి, పసుప్పచ్చగా, సన్నగా, గుత్తిగా నిలబెట్టినట్టు. మా పెద్దది వాటిని చూసి "అక్షింతలంటే ఇవేనా?" అంది. పేరు నేను చెప్పేలోపే అర్థం చెప్పేసింది.

లార్వాను చూసి మాత్రం ఇద్దరూ వెనక్కి జరిగారు. బియ్యపు గింజంత ఉన్న నల్లటి మొసలిలా ఉంటుంది మరి. మా అమ్మయితే "గివి మంచి పురుగులా? నేను ఇన్నేండ్లు గోటితో నలిపేసిన" అని నోరు నొక్కుకుంది. చాలామంది ఇళ్ళలో ఇదే జరుగుతుంది. పెద్ద పురుగును ముద్దుచేసి, పిల్లను చంపేస్తాం.

ఖాళీ ఆవకాయ సీసా, పాత చీర ముక్క, ఒక రబ్బరు బ్యాండు. సామాను అంతే. రోజూ పొద్దున పేనుబంక ఉన్న కొస ఒకటి తుంచి వేయాలి, పాతది తీసేయాలి. సీసాలో తడి చేరకూడదు. మేత తగ్గితే లార్వాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇది తెలిశాక మా చిన్నోడిని పొద్దున్నే లేపాల్సిన పని లేకపోయింది. "లేట్ అయితే తమ్ముణ్ణి తినేస్తది అమ్మమ్మా!" అని పందిరి కిందికి పరుగు. మూడేళ్ళ ఆదివారం క్లాసుల్లో రాని తెలుగు అది. చలికి గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు వారాలు దాటుతుంది, మన సెలవులు సరిపోవు. సగం ఎదిగిన లార్వాలు ఏరుకుంటే పది, పన్నెండు రోజుల్లో అయిపోతుంది.

ఒకరోజు లార్వా సీసా గోడకు తోక అతికించుకుని గూనిగా వంగిపోయింది. మేత మానేసింది. చచ్చిపోయిందనుకున్నాం. మర్నాటికి చర్మం కిందికి జారి నారింజ రంగు ప్యూపా (రెక్కలు వచ్చే ముందు దశ) అయింది. పుల్లతో తాకితే ఒక్కసారిగా లేచి నిలబడి మళ్ళీ పడుకునేది. చివరికి అందులోంచి లేత పసుపు రంగు పురుగొకటి బయటికొచ్చింది, మచ్చ కూడా లేకుండా. పిల్లలు మొహాలు వేలాడేశారు. చూస్తుండగానే కొన్ని గంటల్లో రంగు చిక్కబడి, నల్లటి మెలికల గీతలు తేలాయి. మనవైపు ఎక్కువగా కనిపించే రకానికి చుక్కలకంటే ఈ మెలికలే గుర్తు.

రెండో సీసా కథ వేరు. పందిరి మీద మేత తగ్గిందని చిన్నోడు వెళ్ళి మా తమ్ముడి పత్తి చేలో ఆకులు తెంపుకొచ్చాడు. తెల్లారేసరికి లార్వాలన్నీ ముడుచుకుని సీసా అడుగున పడి ఉన్నాయి. "మొన్ననే మందు కొట్టిన బిడ్డా, నన్ను అడగకపోతివి" అన్నాడు వాళ్ళ మామయ్య. వాడు ఏడుస్తుంటే ఆయనకూ తోచలేదు. పెద్దది మాత్రం ఊరుకోలేదు, మందెందుకు కొడుతున్నావని నిలదీసింది.

"మీరు నాలుగు పురుగులు సాకుతున్నరు. నాకు నాలుగెకరాలున్నది."

ఇక్కడ మా తమ్ముడి వైపే మాట్లాడతాను. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి కాయ తొలిచే పురుగును తట్టుకోవడానికి చేసింది. రసం పీల్చే పేనుబంక, పచ్చదోమలకు అది అడ్డం కాదు. పత్తి చుట్టూ జొన్న, బబ్బెర్లు వేస్తే అక్షింతల పురుగులు చేరతాయని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతూనే ఉంటారు. కానీ అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడికి పురుగు వచ్చి పురుగును తినేదాకా ఆగమని చెప్పడానికి, ఏడాదికి మూడు వారాలు వచ్చిపోయే మనకు నోరెలా వస్తుంది? పిల్లలకు బత్తాయి వలిచిపెడుతూ కాలిఫోర్నియా నారింజ తోటల కథ చెప్పాను. 1888లో ఆల్బర్ట్ కోబెల్ అనే ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడి అక్షింతల పురుగులను ఓడలో పంపిస్తే, పురుగు పట్టి ఎండిపోతున్న తోటలు మరుసటి ఏడాదికల్లా తేరుకున్నాయి. కథ బాగుంది గానీ, పక్కనే వింటున్న మామయ్య ఏమీ అనలేదు.

వచ్చేటప్పుడు ఒక పురుగును జేబులో దాచుకుంటానంది పెద్దది. పర్మిట్ లేకుండా బతికున్న పురుగులను విమానంలో తేకూడదని చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ పందిరి మీదే వదిలాం.

మొన్న వీడియో కాల్‌లో మా అమ్మ, "చిక్కుడంతా పేనుబంకే. మీ పురుగులు ఎటు పోయినయో ఏమో" అని సాగదీసింది.

"ఆకు మీద చీమలున్నాయా చూడు అమ్మమ్మా, అవే తరిమేస్తయి" అంది పెద్దది. అమ్మ ఫోన్ పట్టుకుని పందిరి కిందికి నడిచింది.