రన్ అంటే పరుగేనా?

ఇంగ్లిషులోనే పెరుగుతున్న పిల్లలకు నేను చెప్పే ఆదివారం తెలుగు తరగతిలో తొమ్మిదేళ్ల పిల్లాడొకడు చేతులు కడుక్కుని వచ్చి, "ఆంటీ, కుళాయి ఇంకా పరుగెడుతోంది" అన్నాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. ఇంగ్లిషులో 'ట్యాప్ ఈజ్ రన్నింగ్' అంటారు కదా, వాడు దాన్నే తెలుగులో పెట్టాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, తప్పెవరిదో వెంటనే తట్టింది. వాడి డెస్కు మీదున్న అట్టముక్కకు ఒకవైపు 'రన్' అని, రెండోవైపు 'పరుగెత్తు' అని రాసిచ్చింది నేనే. అలాంటివి రెండు వందలకు పైగా చేశాను. చిరిగిపోకుండా లామినేషన్ కూడా చేయించాను.

వాటిలో సగం తీసి పక్కన పడేయాలని ఇప్పుడు నా అభిప్రాయం. కుక్క, కుర్చీ, చెవి లాంటి వాటికి అట్టముక్కలు బాగానే పనికొస్తాయి. రోజూ నోట్లో నలిగే చిన్న చిన్న క్రియలకు మాత్రం ఒక మాటకు ఒక అర్థం అని రాసివ్వడం పిల్లల్ని తప్పుదారి పట్టించడమే.

ఈ 'రన్' సంగతే చూడండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989లో రెండో కూర్పు తెచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టింది 'సెట్' అనే మూడక్షరాల మాట. 430 అర్థాలు, వాటి వివరణకు దాదాపు 60,000 మాటలు. తర్వాత కొత్త కూర్పు కోసం 'రన్' వంతు వచ్చింది. దాన్ని సరిచూసే పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడి మీద పడింది. దానికి ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది. క్రియగా వాడిన అర్థాలే 645 తేలాయి. యంత్రాలొచ్చాక రైలూ, మోటారూ, ఫ్యాక్టరీ, చివరికి కంప్యూటర్ ప్రోగ్రామూ అన్నీ 'రన్' అవ్వడం మొదలుపెట్టాయి మరి.

మనం ఆ 645లో ఎన్నింటికి 'పరుగు' అంటాం? ప్రోగ్రామ్ నడుస్తుంది. సినిమా ఆడుతుంది. నది పారుతుంది. ముక్కు కారుతుంది. బట్ట రంగు వదులుతుంది. రోడ్డు నది పక్కనుంచే పోతుంది. పెట్రోలు అయిపోతుంది. పాత స్నేహితుడు దారిలో తగులుతాడు. కుళాయి విషయంలో అయితే మన ధోరణే వేరు. ఇంగ్లిషులో పనంతా కుళాయిదే, మనకేమో నీళ్లది. "నీళ్లు పోతున్నాయి" అంటాం తప్ప కుళాయి ఏదో చేస్తోందని అనం. ఆ పిల్లాడికి నేను చెప్పాల్సింది ఇదీ. అట్టముక్క మీద ఇంత పట్టదు.

ఇంగ్లిషు వాళ్లలో వాళ్లకే ఈ మాట దగ్గర పొత్తు కుదరదు. ఎన్నికల్లో అమెరికా వాడు పరుగెడతాడు, బ్రిటన్ వాడు నిలబడతాడు. మన అభ్యర్థులూ నిలబడేవాళ్లే, ఆ తర్వాత ఏం చేస్తారన్నది వేరే కథ.

పెద్దపిల్లల దగ్గరికొస్తే ఇంకో జబ్బు ఉంది. 'రన్'కి పర్యాయపదాలు రాయమంటే 'మేనేజ్', 'ఆపరేట్', 'ఫ్లో', 'స్ప్రింట్' అని గడగడా రాసేస్తారు. పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ 'మేనేజ్' సంగతి మనకు తెలియనిదా? "ఎలా ఉన్నారు?" అంటే "ఏదో మేనేజ్ చేస్తున్నాం" అంటాం. అంటే ఈదుకొస్తున్నాం, లాక్కొస్తున్నాం అని. కంపెనీని 'రన్' చేస్తున్నా అన్నవాడికీ, ఏదో 'మేనేజ్' చేస్తున్నా అన్నవాడికీ మధ్య ఎంత దూరం! పర్యాయపదాల పట్టీలో రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి.

పర్యాయపదాల పుస్తకాలను తిట్టడం నా ఉద్దేశం కాదు. 1852లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు ఇంగ్లిషు మాటల్ని భావాల వారీగా గుంపులు కట్టి అచ్చు వేయించాడు. అందులో ఆయన అర్థాలు రాయలేదు. మనసులో భావం ఉండి మాట గుర్తుకు రానివాడి కోసం చేసిన పుస్తకమది, మాటే తెలియనివాడి కోసం కాదు. ఈ తేడా మన బడుల్లో ఎవరూ పట్టించుకోరు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మన దగ్గర అమరకోశం అనే సంస్కృత నిఘంటువు ఇలాగే విషయాల వారీగా, పైగా కంఠతా పట్టడానికి వీలుగా శ్లోకాల్లో ఉంది. ఏనుగుకు అందులో ఉన్న పేర్లు చూడండి. దంతాలున్నాయి కాబట్టి దంతి. తొండం చెయ్యిలా పనిచేస్తుంది కాబట్టి హస్తి. నీళ్లు ముందు తొండంతో పీల్చి, తర్వాత నోట్లో పోసుకుంటుంది, అంటే రెండుసార్లు తాగుతుంది కాబట్టి ద్విపం. ఏనుగు ఒక్కటే, చూసిన వైపు వేరు. పర్యాయపదమంటే అదే పదం ఇంకో వేషంలో రావడమని నేను చాలాకాలం అనుకున్నాను. చనిపోయినవాణ్ని "పోయాడు" అనడానికీ, "చచ్చాడు" అనడానికీ తేడా తెలిసిన తెలుగుదాన్ని అయ్యుండీ!

మొన్న మా ఇంట్లోనే ఇంకో సంగతి జరిగింది. మా ఆయన ఫోన్ చూసుకుని "హమ్మయ్య, జీతం పడింది" అన్నారు. మా అమ్మాయి ఒక్కసారి టెన్షన్ పడిపోయి, "ఎంత పడింది నాన్నా? మనం ఇల్లు మారాలా?" అని అడిగింది. దానికి తెలిసిన 'పడు' ఒక్కటే, కింద పడటం. ఆ సాయంత్రం కాగితం పెన్నూ పెట్టుకుని నేనూ అదీ కూర్చున్నాం. వాన పడింది. వికెట్ పడింది. జీతం పడింది. భయపడ్డాను. నాకా మందు పడదు. వాళ్లిద్దరికీ పడదు. పేరు పడింది. కనపడింది. ఒక్క గంటలో పేజీ నిండిపోయింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. వీటిలో సగానికి పైగా కింద పడేదేమీ లేదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. క్రియల అట్టముక్కల మీద అర్థం తీసేసి మూడు వాక్యాలు రాద్దాం. పిల్లలు ఆ మాటను వాక్యంలోనే చూడాలి, వాక్యంతోనే అప్పజెప్పాలి. ఈ మాట అంటే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు, "ఇన్ని అర్థాలు చెబితే పిల్లలు బెదిరిపోతారండీ" అన్నారు. ఈ పిల్లలే 'రన్'ని కనీసం పాతిక రకాలుగా రోజూ వాడేస్తున్నారు. వాళ్లకు ఆ పాతికా ఎవరూ పట్టీ వేసి నేర్పలేదు. విన్నారు, అన్నారు, అంతే. తెలుగు విషయంలో వినేది తక్కువ కాబట్టి ఆ వాక్యాలేవో మనమే పోగుచేసి ఇవ్వాలి.

తర్వాతి ఆదివారం 'పడు' వాక్యాలు బోర్డు మీద రాశాను. కుళాయి పిల్లాడు చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాడు. బెల్లు కొట్టే ముందు చేయెత్తి, "ఆంటీ, 'పడుకో'లో కూడా 'పడు' ఉంది కదా? అంటే మంచం మీద పడటమేనా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా పడుకుంటున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. అవునన్నాను.