30 ఏళ్లాగి రండి, గింజలు పెడతాను

ఆహార అడవి, అంటే తినడానికి పనికొచ్చే చెట్లూ మొక్కలూ అడవిలా కలిపి పెంచే తోట. దాన్ని పెంచేవాళ్లు రెండు రకాలు: ఆకుకూరలతో మొదలుపెట్టేవాళ్లు, తినే గింజల కోసం పైన్ చెట్లతో మొదలుపెట్టేవాళ్లు. మొదటివాళ్లు నెల తిరక్కుండానే కోసుకుని తినేస్తారు. తినేశాక ఇక చెప్పుకోవడానికేముంటుంది? రెండోవాళ్లకు మాత్రం జన్మంతా సరిపడా కబుర్లు ఉంటాయి. నేను రెండో రకం.

మమ్మల్ని చూడగానే జనం అడిగేది ఒక్కటే: "కాపుకు ఎన్నేళ్లు పడుతుందండీ?" నాకు ఈ ప్రశ్న ఆడపిల్లను వయసు అడిగినంత అమర్యాదగా అనిపిస్తుంది. అయినా చెబుతాను. గింజ వేసి పెంచిన స్టోన్ పైన్ చెప్పుకోదగ్గ కాపుకు రావాలంటే 15 నుంచి 20 ఏళ్లు. పైన్‌కు దూరపు చుట్టం, చిలీ వైపు పెరిగే మంకీ పజిల్ చెట్టయితే 30 నుంచి 40. అంటు కడితే ముందే కాస్తుంది కదా అంటారు కొందరు తెలివైనవాళ్లు. నిజమే. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే మార్కులు కూడా ముందే వస్తాయి.

కాపు మొదలైందని బుట్ట పట్టుకుని పరిగెత్తకండి. పైన్ కాయ మామూలుగా రెండో ఏడు గానీ ముదరదు. స్టోన్ పైన్ కాయకు మూడేళ్లు. ఒకే చెట్టు మీద ఈ ఏటి పిందె, పోయినేటి పచ్చి కాయ, అంతకుముందుది పండిన కాయ, ముగ్గురూ ఉమ్మడి కుటుంబంలా ఉంటారు. పైగా విరగకాపు ఏటా రాదు. ఒక ఏడు బ్రహ్మాండంగా కాసి, తర్వాత కొన్నేళ్లు చెట్టు మౌనవ్రతం పడుతుంది.

మంకీ పజిల్ సంగతి ఇంకా ఘనం. ఇందులో ఆడ చెట్లు, మగ చెట్లు వేరు. ఏది ఏదో కాయ వేసేదాకా తెలియదు. 30 ఏళ్లు నీళ్లు పోసి, కలుపు తీసి, చివరికి మీరు పెంచిన నాలుగూ మగవేనని తెలుసుకునే అవకాశం ఏ ఆకుకూరలోనూ లేదు. అందుకే గుంపుగా నాటమని పెద్దలు చెబుతారు. ఎదిగాక ఒక్కో చెట్టు 30 మీటర్ల ఎత్తు దాటొచ్చు కాబట్టి, ముందుగా పక్కవాళ్ల స్థలం కూడా కొనుక్కోవాలి.

దక్షిణ చిలీలో ఈ గింజల మీద తరతరాలుగా బతికిన జనం ఉన్నారు. పెవెంచేలు. వాళ్ల భాషలో పెవెన్ అంటే ఈ చెట్టు, చే అంటే మనుషులు. చెట్టు పేరే తమ పేరుగా పెట్టుకున్నారు. కాపుకు ఎన్నేళ్లని వాళ్లెవరినీ అడగాల్సిన పని లేకపోయింది, అడవి వాళ్లకంటే ముందే అక్కడుంది కనుక. నాకేమో అడవి బదులు ఫ్రిజ్‌లో ఒక డబ్బా ఉంది.

డబ్బా గురించి చెప్పాలి. కొరియన్ పైన్ గింజ నాటగానే మొలవదు, దానికి గాఢనిద్ర. తడి ఇసుకలో కలిపి నెలల తరబడి చల్లగా ఉంచి, చలికాలం వచ్చి వెళ్లిపోయిందని దాన్ని నమ్మించాలి. మొదటిసారి ఈ నాటకం లేకుండా నేరుగా మడిలో 50 గింజలు నాటాను. ఒక్కోదానికీ చెక్క ముక్క మీద లేబుల్ కూడా రాసిపెట్టాను. నాటినవారు, తేదీ, కాపు అంచనా సంవత్సరం. తెల్లారేసరికి 50 లేబుళ్లూ ఉన్నాయి. గింజలు లేవు. ఎలుకల పని. రెండో విడత అందుకే ఫ్రిజ్‌కెక్కింది. ఇంట్లోవాళ్లు పెరుగు గిన్నె కోసం చెయ్యి పెట్టి ఇసుక డబ్బా తీసినప్పుడల్లా నేను శాస్త్రం వివరిస్తుంటాను. వాళ్లు వినడం మానేసి చాలాకాలమైంది.

నిజానికి కొరియన్ పైన్ నన్నెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. దాని గింజకు రెక్కలుండవు, కాయ పండినా తనంతట తాను విచ్చుకుని గింజలు రాల్చదు. గాలిని నమ్ముకోలేదు, మనిషిని అసలే నమ్ముకోలేదు. నమ్ముకున్నది నట్‌క్రాకర్ అనే పక్షిని. కాకుల కుటుంబమే. ఉత్తర అమెరికాలో దీని చుట్టం ఒకటి ఒక్క సీజన్‌లో 20 వేలకు పైగా పైన్ గింజల్ని నేలలో దాచి, నెలల తర్వాత కూడా చాలావాటిని గుర్తుపట్టి తవ్వుకుంటుంది. తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తులేని నేను దీంతో పోటీకి దిగాను. అది తీసుకోకుండా వదిలేసిన గింజలే రేపటి అడవి. ఫ్రిజ్ లేదు, లేబుల్ లేదు, వాట్సాప్ గ్రూపు లేదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపాలు కొన్ని. పైన్ తోట పాసుపుస్తకంలో యజమాని గడిలో పక్షి పేరు, కౌలుదారు గడిలో మన పేరు రాయాలి. పంట రుణం గడువు మనవడి పెళ్లి దాకా పొడిగించాలి. మంకీ పజిల్‌కు చుట్టమైన ఆస్ట్రేలియా బున్యా చెట్టు నాటేవాళ్లకు హెల్మెట్ ఉచితంగా ఇవ్వాలి, ఎందుకంటే దాని కాయ 10 కిలోల దాకా తూగుతుంది, అదీ పైనుంచి చెప్పకుండా వస్తుంది. ఇన్నేళ్లు ఆగి, బంకంటిన చేతులతో ఒక్కో గింజా ఒలిచి తిన్నాక నోరు చేదెక్కినవాళ్లకు పరిహారం ఇవ్వాలి. ఇది నా కల్పన కాదు, చైనాలో పెరిగే ఆర్మండ్ పైన్ గింజలు తిన్న కొందరికి ఒకటి రెండు రోజుల తర్వాత మొదలై, రెండు వారాల దాకా ఏం తిన్నా చేదుగా ఉంటుంది.

నా సొంత తోట విశేషాలంటారా? ఫ్రిజ్ గింజల్లో తొమ్మిది మొలిచాయి, ఐదు బతికాయి. నాలుగేళ్లకు మోకాలెత్తు. పోయిన నెల పనిముట్ల గది వెనక గడ్డి కోస్తుంటే, నేనెప్పుడూ నాటని చోట మూడు పైన్ మొక్కలు ఒకే గుంతలోంచి, ఒకదాన్నొకటి ఆనుకుని కనిపించాయి. ఎలుకలు దాచి మర్చిపోయిన నా మొదటి విడత అన్నమాట. ఎవరూ నీళ్లు పోయలేదు, కలుపు తియ్యలేదు. నా ఐదింటికంటే జానెడు ఎత్తున్నాయి.

వాటికీ చెక్క ముక్క పాతాను. తేదీ గడి ఖాళీగా వదిలేశాను. నాటినవారి దగ్గర కాసేపు ఆలోచించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా పేరే రాశాను.