కాంటాకు ఇటుపక్క ఎవరున్నారు?

అమెరికాలో ఉన్న మన ఉమ్మడి వరంగల్ వాళ్ల సంఘానికి ఇది రాస్తున్నాను. మాది పరకాల దగ్గర ఊరు. ఎంబీఏ హనుమకొండలో చేశాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ యాభై మంది దాకా ఉన్నాం. మొన్నొక రాత్రి నిద్ర పట్టక ఎవరెవరు ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద రాశాను. విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజర్ ఒకడు. పురుగుమందుల కంపెనీల్లో ముగ్గురు. ట్రాక్టర్ ఫైనాన్స్‌లో ఇద్దరు. మైక్రోఫైనాన్స్‌లో చిన్న ఉద్యోగంతో చేరి పెద్ద హోదాకు ఎదిగినవాడు ఒకడు. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసే అమ్మాయి ఒకరు. బ్యాంకుల్లో నలుగురైదుగురు. మిగతావాళ్లం హైదరాబాద్, బెంగళూరు, అమెరికా. నేను డల్లాస్ దగ్గర ఒక కంపెనీలో, గోదాముల్లో ఏ సరుకు ఎప్పుడు ఎంత ఉండాలో లెక్కగట్టే పని చేస్తాను.

మాలో సగానికి పైగా రైతుల పిల్లలం. రైతు తరఫున పనిచేసేవాడు ఒక్కడూ లేడు.

రైతుకు అమ్మేవాడి దగ్గర మేనేజ్‌మెంట్ చదివినవాడు ఉన్నాడు. రైతు దగ్గర కొనేవాడి దగ్గరా ఉన్నాడు. అప్పిచ్చేవాడి దగ్గరా ఉన్నాడు. కాంటాకు అటుపక్క అంతమంది చదువుకున్నవాళ్లుంటే, ఇటుపక్క అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, తక్‌పట్టీ, చేతిలో పట్టుకుని మా చిన్నాయన కొడుకు ఒక్కడే నిలబడి ఉంటాడు. వ్యాపార విద్య ప్రపంచంలో పేదరికాన్ని తగ్గిస్తుందా అన్న చర్చ ఎక్కడ విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఆ చదువుకు బలం ఉంది, అందులో నాకు అనుమానం లేదు. ఆ బలం ఎవరి పక్కన చేరిందన్నదే నా బాధ.

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కటిక పేదరికం గీతను రోజుకు 3 డాలర్లకు మార్చింది. దేశాల మధ్య ధరల తేడాను సర్దుబాటు చేసి వేసే లెక్క అది. ఆ గీత కింద 80 కోట్ల మంది దాకా ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే. ఆ చిన్నాయన కొడుకు, మా తమ్ముడు, ఆ గీతకు పైనే ఉన్నాడు. కానీ 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద పడ్డప్పుడు ఎంత కిందికి జారాడో నాకు తెలుసు. గీత దాటిన మనిషిని మళ్లీ కిందికి లాగడానికి ఒక్క సీజన్ చాలు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, వాడి ముందటేడు మిర్చి లెక్క రాయడానికి కూర్చున్నాం. ఎకరంన్నర తోట. కౌలు, దుక్కి, నారు, ఎరువులు, మందులు, ఏరుడు కూలి, టార్పాలిన్ పట్టాలు, ఆటో కిరాయి, హమాలీ, దడ్వాయికిచ్చే తూకం కూలి, కమీషన్. ఒక్కటి కూడా మరిచిపోలేదు వాడు. ఏ నెలలో ఏ మందు కొట్టాడో, డబ్బా ఎంత పడిందో నోటికి చెప్పాడు. అన్నీ కూడితే చేతికి కొంత మిగిలినట్టే కనిపించింది. అప్పుడు అడిగాను, మీరిద్దరూ తోటలో ఎన్ని రోజులు పనిచేశారురా అని. వాడు ఆలోచిస్తుండగా పొయ్యి దగ్గర నుంచి మరదలు అంది, "మా కూలి మాకెవలిస్తరు బావా, అది రాసుడెందుకు?"

రాశాం. ఇద్దరివీ కలిపి రెండు వందల రోజులు దాటాయి. ఊళ్లో నడుస్తున్న కూలి రేటే వేశాం. మిగిలిందనుకున్నది కాస్తా పోయి, ఎదురు తేలింది. వాడు పెన్ను పక్కన పెట్టి, "అంటే ఇద్దరం ఒకరి చేన్ల కూలికి పోయినా గింతకంటె మంచిగుండు గదా అన్నా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పండించడంలో వాడి తప్పేం లేదు. కల్లంలో ఎండీ ఎండకముందే, కొత్త సరుకు మార్కెట్‌ను ముంచెత్తే రోజుల్లోనే వాడు అమ్మాల్సి వచ్చింది. పెట్టుబడికి అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారి, అడ్తి, దగ్గరికే సరుకు పోవాలి, పోయిన రోజే తెగాలి. కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకుని, రేటు చూసి అమ్ముకోవచ్చని వాడు విన్నాడు. కానీ నెలకు కిరాయి ఎంత, వడ్డీ ఎంత, రేటు ఎంత పెరిగితే ఆ రెండూ పోను మిగులుతుంది, పెరగకపోతే ఎప్పుడు వదిలించుకోవాలి? ఈ లెక్క వేసిపెట్టే మనిషి లేడు. నేను డల్లాస్‌లో దేనికి జీతం తీసుకుంటున్నానో సరిగ్గా అదే లెక్క. తర్వాత ఫోన్లో ఒకసారి అడిగాడు కూడా, ఈ వారం తియ్యాల్నా ఆగాల్నా అని. ఇక్కడ నాకు అర్ధరాత్రి, అక్కడ వాడికి మార్కెట్ నడుస్తున్న వేళ. ఆ పూట యార్డుకు ఎన్ని బస్తాలు వచ్చాయో, వేలంలో జెండా పాట ఎంత పలికిందో తెలియకుండా నేనేం చెప్పగలను?

పత్తి సంగతీ అంతే. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం ఉంటే మద్దతు ధర పూర్తిగా ఇస్తారు. ఆ పైన ఒక్కో శాతానికీ కొంత కోస్తారు, 12 దాటితే కొనరు. పొద్దున మంచులో ఏరి, ఆ సాయంత్రమే బండికెత్తిన పత్తి ఆ గీత దాటుతుంది. వెనక్కి తెస్తే కిరాయి దండగ కాబట్టి బయట ఎంతకైతే అంతకు ఇచ్చి వస్తారు. ఊరికి ఆరబోసుకునే కల్లం ఒకటి, తేమ కొలిచే మిషన్ ఒకటి, ఎవరి బండి ఏ రోజు పోవాలో రాసిపెట్టే మనిషి ఒకరు ఉంటే ఈ నష్టంలో చాలా భాగం ఆగుతుంది. మిషన్ ఖరీదు ఒక్క రైతుకు బరువు. వంద మంది పంచుకుంటే తెలియను కూడా తెలియదు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు. పీవీ గారి వంగర ఉన్న భీమదేవరపల్లి మండలంలోనే ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు రైతులను కూడగట్టి అక్కడ సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం అప్పిస్తుంది, ఎరువులు ఇస్తుంది, పంట కొంటుంది, సొంతంగా బియ్యం మిల్లు, జిన్నింగ్ మిల్లు నడుపుతుంది. అంటే తమ్ముడు నలుగురి దగ్గరికి పోయి నాలుగు చోట్ల వదులుకునేది అక్కడ ఒకే చోట, రైతు సొంత సంస్థలోనే ఉండిపోతుంది. 2000ల మొదట్లో అదే ఊరు కేంద్రంగా ఆడవాళ్లు పాల డైరీ మొదలుపెట్టారు. ప్రభుత్వ వాటా ధనం, ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవడానికి 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పెట్టుకున్న డైరీ అది. వాళ్ల స్వకృషి పాల ప్యాకెట్ హనుమకొండలో చాలామంది ఇళ్లకు వస్తుంది.

నోట్‌బుక్ రాసిన మూడో రోజు తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఆ వైపు ఒక ఊళ్లో పాల కేంద్రానికి పోయాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చలికి చెంగు తలమీదుగా కప్పుకున్న ఒక పెద్దమ్మ క్యాన్ దించి, వెన్న శాతం చూసి, అక్కడి పిల్లగాణ్ని నిలదీసింది. "నిన్నటికంటె రెండు పాయింట్లు తక్కువొచ్చింది. నా బర్రె మేత మారలే. మల్లొకసారి పెట్టు." వాడు మారు మాట్లాడకుండా మళ్లీ పరీక్ష పెట్టి, వచ్చిన అంకె ఆమె కార్డులో రాశాడు. వాడు డిగ్రీ చదివినవాడు. ఆమెకు సంతకం రాదు. అయినా వాడికి జీతం వచ్చేది ఆమె పాల మీద, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు బండి మీద చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మార్కెట్ల నేను గట్ల అడిగితె నడుస్తదా" అన్నాడు.

అమూల్ పాల సంఘాలను నడిపిన కురియన్ గారు 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ, ఇర్మా, పెట్టింది ఈ పని కోసమే. యజమానులు రైతులు, వాళ్ల దగ్గర ఉద్యోగులు చదువుకున్నవాళ్లు. ఇంత తేలికైన మాటను మన మేనేజ్‌మెంట్ కాలేజీలు ఇన్నేళ్లయినా పట్టించుకోలేదు. మా కాలేజీలో చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టును చాలామంది జిరాక్స్ షాపులో కొన్నారు. నేనూ కొన్నాను. ఆ రెండు నెలలు ఒక రైతు సంఘంలో కూర్చుని ఖాతాలు రాయించి ఉంటే, నా జీవితం సంగతి ఏమో గానీ, ఆ సంఘానికి మేలు జరిగేది. కాకతీయ యూనివర్సిటీలోనూ వరంగల్ నిట్‌లోనూ మేనేజ్‌మెంట్ చెబుతున్నారు, చుట్టూ పత్తి, మిర్చి, వరి, కొత్తవాడ జంపఖానాలు. పాఠానికి కావలసినదంతా బస్సు దూరంలోనే ఉంది.

చదువు ఒక్కటే చాలదనడానికి 2010లో జరిగింది మనకు తెలుసు. పేద ఆడవాళ్ల గ్రూపులకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలను నడిపినవాళ్లలో మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకు కొదువలేదు. రికవరీ శాతం, బ్రాంచి టార్గెట్, వారం వారం వాయిదా, అంతా కాగితం మీద చక్కగా ఉంది. ఒకావిడ కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. మన ఉమ్మడి వరంగల్ పల్లెల్లోనూ ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపాల్సి వచ్చింది. పేదవాళ్ల దాకా వెళ్లిన మేనేజ్‌మెంటే అది. వాళ్ల తరఫున మాత్రం వెళ్లలేదు.

పరిశోధనలు కూడా నాకు ఈ దిక్కే చూపిస్తున్నాయి. ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో కొన్నింటికి మంచి మేనేజ్‌మెంట్ పద్ధతులు నేర్పితే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో తేల్చారు. ఆ మిల్లులు సొంతదారులవి, లాభం వాళ్లకు చేరింది. ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిరు వ్యాపారులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు వ్యాపార పాఠాలు చెప్పినవాళ్లకు పెద్దగా తేడా రాలేదు. తమంతట తాము ముందడుగు వేయడం, ముందుచూపుతో ఉండడం, దెబ్బ తగిలినా పట్టు వదలకపోవడం నేర్పినవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. అంటే మన సంఘం తరఫున నలుగురం వెళ్లి, పవర్‌పాయింట్ చూపించి, ఫొటో దిగి వస్తే ఏమీ జరగదు. పాల కేంద్రంలో ఆ పెద్దమ్మకు ఉన్న తెగువ ఒక్క వర్క్‌షాప్‌తో వచ్చింది కాదు.

మరి మనం ఏం చేయాలి? 2020లో కేంద్రం రైతులే సొంతదారులైన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పెట్టించే పథకం తెచ్చింది. ఒక్కో సంస్థకు నిర్వహణ ఖర్చుల కింద మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారు. మేనేజర్ జీతం, అకౌంటెంట్ జీతం అందులోంచే. మూడేళ్లు నిండాక ఆ జీతాలు ఆగిపోతాయి. మూడేళ్లలో వ్యాపారం కాళ్ల మీద నిలబడని చోట మేనేజర్ వెళ్లిపోతాడు, ఆఫీసుకు తాళం పడుతుంది, రైతు మళ్లీ అడ్తి దగ్గరికే పోతాడు.

మనం ఊళ్లకు చాలా చేశాం. బడికి బెంచీలు, గుడికి గోపురం, ఊరి మొదట్లో కమాను. వాటిని తక్కువ చేయను, మా ఊరి కమానుకు నేనూ ఇచ్చాను. ఈసారి మాత్రం ఉమ్మడి వరంగల్‌లో రెండు సంస్థలను ఎంచుకుని, నాలుగో ఏడు, ఐదో ఏడు మేనేజర్ జీతం మన సంఘం భరించాలని అడుగుతున్నాను. మేనేజర్ను పెట్టుకునేదీ తీసేసేదీ రైతుల బోర్డే కావాలి, మనం కాదు. డబ్బు పంపడంలో జాగ్రత్త ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కిందికే వస్తుంది, మన దేశపు విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న ట్రస్టు ద్వారానే పోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల సొంత పొదుపుకు ఆ అడ్డు లేదు. ఇక డబ్బు కాకుండా ఇవ్వగలిగినది మనలో చాలామంది రోజూ ఆఫీసులో చేసే పనే. గోదాము లెక్క, కొనుగోలు ఒప్పందం, బ్యాంకుకు ఇచ్చే కాగితాలు. నెలకు రెండు శనివారాలు ఆ మేనేజర్తో ఫోన్లో కూర్చునేవాళ్లు ఆరుగురుంటే మొదలుపెట్టవచ్చు.

మిర్చి ఏరుడు జనవరిలో జోరందుకుంటుంది. దసరాకల్లా మనిషిని పెట్టుకోగలిగితే, కల్లంలోకి కాయ వచ్చేనాటికి ఏ రైతుకు ఎంత ఖర్చయిందో, ఎవరు ఆగగలరో, ఎవరికి వెంటనే డబ్బు కావాలో రాసుకోవడం పూర్తవుతుంది. ఆ సంస్థలను చూసి రావడానికి ఆగస్టులో నేను పది రోజులు సెలవు పెట్టి వెళ్తున్నాను. నాతో ఇంకో ఇద్దరు రావాలి. ఒకరు ఆడిట్ తెలిసినవాళ్లు, ఒకరు బ్యాంకు అప్పుల పని చేసినవాళ్లు. బస మా ఇంట్లోనే, వంట మా మరదలు చేస్తానంది. ఆమె కూలి కూడా రాసుకుందాం.