పన్నెండు సెకన్ల పుణ్యం

సోఫాల హక్కుల కోసం పోరాడేవాళ్లు 1975ను మరిచిపోకూడదు. ఆ ఏడాది కాలిఫోర్నియా ప్రభుత్వం టెక్నికల్ బులెటిన్ 117 అనే నియమం తెచ్చింది. కొవ్వొత్తి పాటి మంటను 12 సెకన్లు చూపించినా సోఫా లోపలి ఫోమ్ తట్టుకోవాలి. పదమూడో సెకనులో ఇంట్లోవాళ్ల గతేమిటని ఎవరూ అడగలేదు, అది సోఫా చూసుకోవాల్సిన విషయం కాదు.

ఆ పరీక్షలో ఫోమ్ ముక్క ఒంటిమీద గుడ్డ ఉండేది కాదు. మన ఇళ్లలో సోఫాలు పరువుగా గుడ్డ కట్టుకునే ఉంటాయి. నిప్పు ముందు అంటుకునేది ఆ గుడ్డకే. అది భగ్గుమన్నాక ఆ పెద్ద మంట ముందు ఫోమ్‌లో మంట ఆపడానికి కలిపిన మందు చేతులెత్తేస్తుంది. ఇంత చిన్న లోపానికి నియమం మార్చాలంటే తొందరపడకూడదు కదా, 38 ఏళ్లు ఆలోచించారు.

ఆ మందు పేరు పెంటాబీడీఈ, బ్రోమిన్ ఉన్న రసాయనం. ఫోమ్ బరువులో సుమారు 5 శాతం పోసేవారు. అంటే పది కిలోల ఫోమ్ ఉన్న సోఫాలో అరకిలో. ఇది ఫోమ్‌తో రసాయనికంగా అతుక్కోదు, పులిహోరలో పల్లీల్లా ఊరికే కలిసి ఉంటుంది. మనం ధబ్బున కూర్చున్నప్పుడల్లా కుషన్ బుస్సుమని గాలి వదులుతుంది చూడండి, ఆ గాలితో బయల్దేరి ఇంటి దుమ్ములో చేరుతుంది. ఆ దుమ్ము మీద పాకే పిల్ల చెయ్యి నేల మీద ఎంతసేపు ఉంటుందో నోట్లోనూ అంతసేపు ఉంటుంది. అందుకే పెద్దల కన్నా చంటిపిల్లల ఒంట్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఒకసారి కొవ్వులో కాపురం పెడితే ఏళ్ల తరబడి ఖాళీ చెయ్యదు. పైగా దీని రూపం థైరాయిడ్ హార్మోన్‌కు దగ్గర, అయోడిన్ ఉండాల్సిన చోట బ్రోమిన్ ఉంటుంది, అంతే. పోలికలు బాగా కలిసిన మారువేషగాడు ఇంట్లో తిరుగుతుంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

మరి మంట ఆపుతుందా అంటే, కొంత ఆపుతుంది. మంటను నడిపించే హైడ్రోజన్, హైడ్రాక్సిల్ ముక్కలను బ్రోమిన్ పట్టేసుకుని గొలుసు తెంపుతుంది. దాంతో సరుకు సగం కాలి మసి, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతాయి. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణం తీసేది మంట కాదు, పొగ. అయినా సోఫాకు ఊపిరితిత్తులు లేవు కాబట్టి దాని వైపు నుంచి అభ్యంతరం రాలేదు.

ఇంతకీ సోఫాలను తగలబెట్టినవాటిలో ముందువరసలో ఉన్నది ఆర్పకుండా వదిలేసిన సిగరెట్. దానంతటదే ఆరిపోయే సిగరెట్ చెయ్యండని అడిగితే, సిగరెట్ కంపెనీలు వేలు సోఫా వైపు చూపించాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడన్న సామెత వాళ్లకు ఎవరు అనువదించి ఇచ్చారో!

బదిలీల సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో పిల్లల పైజామాలకు పూసే బ్రోమిన్ ట్రిస్ అనే మంట ఆపే మందు క్యాన్సర్ తెచ్చే ప్రమాదముందని శాస్త్రవేత్తలు ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ 1977లో రాశారు. అదే ఏడాది దాన్ని నిషేధించారు. దాని స్థానంలోకి వచ్చిన క్లోరిన్ ట్రిస్ కూడా మచ్చపడి పైజామాల శాఖ నుంచి తప్పుకుంది. 2004 ఆఖరుకు అమెరికాలో పెంటా తయారీ ఆగేసరికి, సీనియారిటీ చూసి ఈ క్లోరిన్ ట్రిస్‌నే సోఫాల శాఖలో వేసుకున్నారు. 2011లో కాలిఫోర్నియాయే దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాకెక్కించింది. ఒక చేత్తో నియామకం, ఇంకో చేత్తో ఛార్జిషీటు. ఈ మందులుండాలని పోరాడిన ‘సిటిజన్స్ ఫర్ ఫైర్ సేఫ్టీ’ అనే పౌరసంఘంలో పౌరులెవరని 2012లో ఆరా తీస్తే, సభ్యులు ముగ్గురే తేలారు. ముగ్గురూ ఈ రసాయనాలు తయారుచేసే కంపెనీలే.

2013లో నియమం మారింది. ఇప్పుడు గుడ్డ మంట లేకుండా రగిలే నిప్పుకు తట్టుకుంటే చాలు, ఫోమ్‌లో మందు అక్కర్లేదు. కానీ పాత సోఫాకు ఆ జీవో అందలేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఇల్లు మారేవాళ్ల దగ్గర చవగ్గా కొని, దానిమీదే కూర్చుని చేత్తో పెరుగన్నం కలుపుకునే మనవాళ్లు కుషన్ తిరగేసి కుట్టుదగ్గరి లేబుల్ చూడాలి. 117 తర్వాత 2013 అనే అంకె లేకపోతే మందు ఉందనే అనుకోవాలి. చినిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే కొత్త గుడ్డ కుట్టించి లాభం లేదు, ఫోమే మార్చాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ మన మీదే వాలుతుంది, తడిగుడ్డ పెట్టాలి, లేదా సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడాలి. అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి. 2015లో మొదలైన కొత్తరకం లేబుళ్ల మీద రెండు గళ్లుంటాయి, మందు కలిపామని ఒకటి, కలపలేదని ఒకటి. గుర్తు ఏ గడిలో ఉందో కళ్లజోడు పెట్టుకుని చూడండి.