సరదా పడవ, సర్కారీ తుపాకి

1940 మే 14న బీబీసీ రేడియోలో ఒక పొడి ప్రకటన వినిపించింది. 30 నుంచి 100 అడుగుల పొడవుండి ఇంజన్‌తో నడిచే సరదా పడవలు ఉన్నవాళ్లు 14 రోజుల్లో వాటి వివరాలు బ్రిటన్ నౌకాదళ శాఖ అడ్మిరాల్టీకి పంపాలి. అంతే. జర్మన్ సేనలు చుట్టుముట్టిన సైనికులను సముద్రం మీదుగా తరలించిన ఫ్రాన్స్ రేవు డన్‌కర్క్ ఊసు అందులో లేదు. తరలింపు మొదలయ్యింది మే 26న. కొయ్య పడవలు కట్టే యార్డులన్నీ సముద్రంలోని మందుపాతరలు తొలగించే మైన్‌స్వీపర్ ఓడల పనిలో తలమునకలై ఉన్నాయి, కాబట్టి జనం దగ్గర ఉన్నవెన్నో లెక్క చూసుకుందామని అడిగారు.

మనకు గుర్తుండిపోయిన కథ వేరు. బాంబుల మధ్య యజమానే స్టీరింగ్ పట్టుకుని సైనికులను ఎక్కించుకొచ్చాడనేది ఆ కథ. అలాంటివాళ్లు లేకపోలేదు. టైటానిక్ నుంచి బతికి బయటపడ్డ అధికారి లైటోలర్ తన పడవ సన్‌డౌనర్‌ను నేవీ చేతిలో పెట్టకుండా తానే నడిపి, దాదాపు 130 మందిని తెచ్చాడు. కానీ చాలా పడవలను నడిపింది నేవీ మనుషులే. బయటపడ్డ 3,38,226 మందిలో తీరం ఇసుక మీది నుంచి ఎక్కించింది సుమారు 98 వేల మందిని. మిగతావాళ్లు హార్బర్‌లో ఎక్కారు, ఎక్కువగా పెద్ద ఓడలే. సొంత పడవ యుద్ధానికి పనికొచ్చేది యజమాని గుండె ధైర్యం వల్ల కంటే, ముందే రాసిపెట్టుకున్న చిట్టా వల్ల అని నా అభిప్రాయం.

ఈ సంగతి అమెరికా అంతకు ముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో చేసి చూపించింది. 1916 అక్టోబర్ 7న జర్మనీ జలాంతర్గామి యూ-53 రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్ రేవుకు దర్జాగా వచ్చింది. అప్పటికి అమెరికా తటస్థ దేశం, కాబట్టి మర్యాదలు కూడా జరిగాయి. మర్నాడు అదే జలాంతర్గామి నాన్‌టకెట్ దగ్గర అంతర్జాతీయ జలాల్లో ఐదు ఓడలను ముంచేసింది. తీరం ఎంత ఖాళీగా ఉందో జనానికి అప్పుడు తెలిసొచ్చింది.

అయితే చట్టం అంతకు ముందే తయారైంది. 1916 ఆగస్టు 29 నాటి చట్టంతో ఏర్పడిన నావల్ రిజర్వ్ ఫోర్స్‌లో, తీర రక్షణకు పనికొచ్చే పడవలు, వాటిని నడపగలిగినవాళ్లు చేరే వీలుంది. బోస్టన్ వైపు సంపన్నులు ఇంకో అడుగు ముందుకేసి, యుద్ధం వస్తే నేవీకి పనికొచ్చేలా మోటారుబోట్లు కట్టించుకున్నారు. వారాంతం షికారు, అవసరమైతే గస్తీ. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగాక ఇలాంటి పడవలకు బూడిద రంగు పూసి, చిన్న తుపాకి బిగించి, ముందుభాగంలో ఎస్‌పీ అనే అక్షరాలతో నంబర్ రాశారు. ఎస్‌పీ అంటే మనకు జిల్లా పోలీసు అధికారి గుర్తొస్తాడు గానీ, అక్కడ అది సెక్షన్ ప్యాట్రోల్, అంటే సెక్షన్ గస్తీ. తీరాన్ని నావికా జిల్లాలుగా, వాటిని సెక్షన్లుగా విడగొట్టి గస్తీ పంచారు. కొందరు యజమానులు తమ పడవతో పాటే రిజర్వ్‌లో చేరారు.

మరి ఈ పడవలు ఏం సాధించాయి? జలాంతర్గాములను వేటాడటంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. 1918 జూలై 21న యూ-156 మసాచుసెట్స్‌లోని ఓర్లీన్స్ ఎదుట ఒక టగ్గును (లాగుడు పడవను), అది లాగుతున్న బార్జీలనే సరుకు పడవలను పట్టపగలు ఫిరంగులతో కొట్టింది. విమానాలు వచ్చి వేసిన బాంబులు కూడా పేలలేదు. పైగా చాలా మోటారుబోట్లది పెట్రోల్ ఇంజన్. పడవ అడుగున పెట్రోల్ ఆవిరి చేరితే ఒక నిప్పురవ్వ చాలు. శత్రువు కంటే ముందు సొంత ఇంజనే ప్రమాదం.

అయినా అవి దండగ కాలేదు. రేవు ముఖద్వారంలో వచ్చేపోయే పడవలను ఆపి కాగితాలు చూడటం, జలాంతర్గాములను అడ్డుకునే వలల దగ్గర కాపలా, ఉత్తరాలు మోయడం వంటి విసుగు పుట్టించే పనులన్నీ వీటి నెత్తిన పడ్డాయి. అసలు యుద్ధనౌకలైన డిస్ట్రాయర్లు మాత్రం యుద్ధానికి కదిలాయి. మొదటి ఆరూ 1917 మే 4కల్లా ఐర్లాండ్‌లోని క్వీన్స్‌టౌన్ చేరాయి. ఇంటి గుమ్మం దగ్గర ఎవరో ఒకరు కూర్చుంటేనే కదా పెద్దవాళ్లు బయటికి వెళ్లేది!

పౌర పడవకు తుపాకి బిగిస్తే ఇంకో చిక్కుంది: దాన్ని మనవాళ్లే గుర్తుపట్టాలి. దీనికి మన పొరుగునే ఒక విషాదం ఉంది. 1971లో కలకత్తా పోర్టు ట్రస్టు పడవలు రెండింటికి బోఫోర్స్ తుపాకులు పెట్టి పద్మ, పలాశ్ పేర్లతో బంగ్లాదేశ్ ముక్తివాహినికి ఇచ్చారు. డిసెంబర్ 10న అవి భారత నౌక ఐఎన్‌ఎస్ పన్వేల్‌తో కలిసి ఖుల్నా వైపు వెళ్తున్నాయి. విమానాలు పొరబడకుండా పైన పసుపు గుర్తు పెట్టుకున్నాయి. ఫలితం లేకపోయింది. భారత వాయుసేన నాట్ విమానాలే వాటిని శత్రువులనుకుని కొట్టాయి. పలాశ్ ఇంజన్ గదిలో పనిచేసే రుహుల్ అమీన్ పడవను వదలనన్నాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. బంగ్లాదేశ్ ఆయనకు తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠ ఇచ్చింది. ఆ పసుపు రంగు అర్థం పైలట్‌కు చేరాలి. రంగు పూయడం సగం పని మాత్రమే.

2008లో ముంబైకి వచ్చింది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. పోరుబందర్ మరబోటు కుబేర్‌ను ఉగ్రవాదులు పట్టుకుని మన జలాల్లోంచే వచ్చారు. మనదే అనిపించే పడవ కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాతే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, పడవలకు రాష్ట్రాల వారీ రంగులు, 2019 నుంచి సీ విజిల్ అనే తీర రక్షణ విన్యాసాలు వచ్చాయి. 2024లో లక్ష పడవలకు, పడవ ఎక్కడుందో సంకేతంతో తెలిపే ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం కూడా మొదలైంది. చిట్టా రాయడం ఆలస్యంగానైనా జరుగుతోంది, మంచిదే.

కానీ విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి డీజిల్, ఐసు నింపుకుని వేటకు వెళ్లే మరబోటువాళ్లను తీరానికి కళ్లు, చెవులు అని పిలుస్తూ పోతే సరిపోదు. అమెరికా నేవీ ఆ ధనవంతుల పడవలను కూడా కాగితం రాసుకునే తీసుకుంది, యుద్ధం ముగిశాక చాలావాటిని తిరిగి అప్పగించింది. మనవాడు అనుమానం వచ్చిన పడవ వెంట ఒక పూట తిరిగి, వల వేయకుండా ఒడ్డుకొస్తే ఆ డీజిల్, ఐసు డబ్బు ఎవరిస్తారు? ట్రాన్స్‌పాండర్ బిగించే రోజే ఆ లెక్క కూడా రాసివ్వాలి.